ఆపిల్ క్రంబుల్ పైపొర చిక్కీలా గట్టిపడింది, లోపం ఎక్కడ?

ప్రశ్న: ఈ మధ్యే ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) కొన్నాం. పిల్లలు అడిగారని ఆపిల్ క్రంబుల్ (పండు ముక్కల మీద పొడిపొడి పిండి పరిచి ఓవెన్‌లో కాల్చే తీపి వంటకం) చేయబోయాను. నాలుగు ఆపిల్ పండ్లను ముక్కలు కోసి గాజు పాత్రలో వేసి, కప్పు మైదా, కప్పు పంచదార, కరిగించిన అరకప్పు బటర్ కలిపి పైన పరిచి, 200 డిగ్రీల వద్ద 20 నిమిషాలు ఉంచాను. పైపొర అంచుల్లో చిక్కీలా గట్టిపడింది, మధ్యలో పచ్చిపిండి ముద్దలా మిగిలింది. అడుగున ముక్కలు సరిగా ఉడకలేదు. నేను ఎక్కడ పొరపాటు చేశాను? దీన్ని మామిడిపండ్లతో చేసుకోవచ్చా? ఓవెన్ లేని మా అమ్మగారింట్లో చేయడానికి ఏదైనా దారి ఉందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీరు కొలతలతో సహా రాయడం వల్ల లోపాన్ని పట్టుకోవడం తేలికైంది. అసలు చిక్కు కప్పు కొలతలోనే ఉంది. కప్పులో వదులుగా నింపిన మైదా సుమారు 125 గ్రాములు తూగుతుంది, అదే కప్పు నిండా పంచదార పోస్తే 200 గ్రాముల దాకా ఉంటుంది. కంటికి సమానంగా కనబడినా మీ గిన్నెలో పిండి కంటే పంచదారే చాలా ఎక్కువ పడింది. అది వేడికి కరిగి, చల్లారేటప్పుడు పాకం బిగిసినట్టు బిగిసింది. క్రంబుల్‌కు తూకం ప్రకారం రెండు వంతుల మైదాకు ఒక వంతు బటర్, ఒక వంతు పంచదార సరిపోతాయి. ఆరుగురికి చేయాలంటే 200 గ్రాముల మైదా, 100 గ్రాముల బటర్, 100 గ్రాముల పంచదార, కిలో ఆపిల్ పండ్లు తీసుకోండి. బేకింగ్ మొదలుపెట్టిన వారు వంటింట్లోకి చిన్న కాటా ఒకటి కొనుక్కోవడం మంచిదని నేను ఎప్పుడూ చెబుతుంటాను.

ఇది ఇంగ్లండు ఇళ్లలో పుట్టి పెరిగిన వంటకం. 1940 జనవరిలో బ్రిటన్‌లో వెన్నకూ పంచదారకూ రేషన్ వచ్చినప్పుడు, పండును మైదా రొట్టెలో పొదిగి చేసే ‘పై’ (pie) అనే వంటకం కంటే తక్కువ పిండి, తక్కువ కొవ్వుతో అయిపోయే ఈ క్రంబుల్ అక్కడి గృహిణులకు ఎంతో ఆసరా అయింది. వారు దీనికి వాడే బ్రామ్లీ అనే ఆపిల్ బాగా పుల్లగా ఉంటుంది, కనుక పైపొర తీపి ఆ పులుపుకు సరిగ్గా అమరుతుంది. మనకు సిమ్లా నుంచీ కాశ్మీరు నుంచీ వచ్చే ఎర్ర ఆపిల్ తియ్యన, పులుపు తక్కువ. అందువల్ల పండు ముక్కల్లో పంచదార రెండు చెంచాలకు మించనివ్వకండి, ఒక పెద్ద నిమ్మకాయ రసం తప్పకుండా పిండండి. రుచిని నిలబెట్టేది ఈ నిమ్మరసమే, కోసిన ముక్కలు నల్లబడకుండా కాపాడేదీ ఇదే.

ఇక బటర్ విషయం. మీరు దానిని కరిగించి పోయడం వల్ల పిండి దాన్ని ఒక్కసారిగా పీల్చుకొని ముద్దయింది. చల్లని బటర్‌ను చిన్న ముక్కలు చేసి పిండిలో వేసి వేళ్ల కొసలతో నలిపితే, ఒక్కో పిండి రేణువుకూ కొవ్వు పలచగా పట్టి, ఓవెన్‌లో పెట్టాక పలుకులు పలుకులుగా విడిపోతుంది. 32 డిగ్రీలు దాటితే చాలు, బటర్ జారిపోవడం మొదలవుతుంది. మన వేసవి వంటింట్లో అది ఎంతసేపు నిలుస్తుందో మీకు తెలియనిది కాదు. కనుక బటర్‌ను గంటసేపు ఫ్రీజర్‌లో ఉంచి, కొబ్బరి కోరినట్టు మైదాలోకి కోరుకోండి. చేతులు చన్నీళ్లతో కడిగి బాగా తుడుచుకొని, అరచేయి తగలకుండా వేళ్లతో మాత్రమే నలపండి. పిండి బొంబాయి రవ్వలా మారాక, గుప్పిట పట్టి నొక్కితే సున్నుండ పిండిలా ముద్ద కట్టాలి, వేలితో తాకితే విడిపోవాలి. ఆ దశలో ఆపి, పంచదార చివర కలిపి, ఓవెన్ వేడెక్కేదాకా గిన్నెను ఫ్రిజ్‌లో పెట్టండి. అంగట్లో దొరికే పసుపుపచ్చ బటర్‌లో చాలావరకు ఉప్పు ఉంటుంది కనుక మళ్లీ ఉప్పు వేయనక్కరలేదు. బటర్ బదులు పేరిన నెయ్యి వాడితే 80 గ్రాములు చాలు, ఎందుకంటే బటర్‌లో ఐదో వంతుకు కొంచెం తక్కువగా నీరు, పాలపదార్థం ఉంటాయి, నెయ్యి పూర్తిగా కొవ్వే. నేతితో చేసిన పైపొర ఇంకా గుల్లగా వస్తుంది, వాసన కూడా మన ఇంటి మిఠాయిలా ఉంటుంది. నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది.

ముక్కలు ఉడకకపోవడానికి కారణం సమయం. 200 డిగ్రీల వద్ద పైభాగం త్వరగా రంగు తేలుతుంది కానీ, 20 నిమిషాల్లో వేడి లోపలి పండు దాకా దిగదు. ఆపిల్ ముక్కలను బొటనవేలంత కోసి, నిమ్మరసం, చిటికెడు దాల్చినచెక్క పొడి, రెండు చెంచాల పంచదార కలిపి బాణలిలో ఐదారు నిమిషాలు మగ్గించి, వచ్చిన రసం చిక్కబడ్డాక పాత్రలోకి మార్చండి. పిండిని పైన వదులుగా చల్లండి, అరచేత్తో అదమకండి, ఆవిరి పైకి రావడానికి దారి ఉండాలి. ఓటీజీని ముందుగా పది నిమిషాలు వేడిచేసి, కింది, పై రాడ్లు రెండూ వెలిగేలా పెట్టి, మధ్య అరలో 180 డిగ్రీల వద్ద 35 నుంచి 40 నిమిషాలు ఉంచండి. అంచుల్లో పండు రసం బుడబుడమంటూ పొంగి, పైపొర బిస్కెట్ రంగుకు వస్తే అయినట్టే. బయటికి తీశాక పావుగంట ఆగండి, వేడిమీద పలచగా కనబడిన రసం ఈలోగా చిక్కబడుతుంది.

మామిడితో తప్పకుండా చేసుకోవచ్చు, కాకపోతే పండు ఎంపికలో జాగ్రత్త అవసరం. పెద్దరసం, చిన్నరసం వంటి రసాల పండ్లు ఓవెన్‌లో పూర్తిగా నీరై పైపొరను తడిపేస్తాయి. అవి జుర్రుకోవడానికే బాగుంటాయి. కాస్త గట్టిగా ఉండగానే కోసిన బంగినపల్లి ముక్కలు నాలుగు వంతులు, కలెక్టరు కాయ పచ్చివి సన్నగా తరిగి ఒక వంతు కలిపితే ఆ పులుపు తీపికి ఎదురు నిలిచి మంచి రుచి వస్తుంది. మామిడిని ముందుగా మగ్గించకండి, ముక్కలకు ఒక పెద్ద చెంచా కార్న్‌ఫ్లోర్ పట్టించండి, పంచదార అసలు వద్దు.

అమ్మగారింట్లో చేయడానికీ దారి ఉంది. ఇసుక పోసిన కుక్కర్‌లో కేకు వస్తుంది కానీ, పైనుంచి వేడి తగలదు కనుక క్రంబుల్ పైపొర ఎర్రబడదు. అందుకని రెండూ విడివిడిగా వండండి. పండు ముక్కలను బాణలిలో మెత్తబడేదాకా మగ్గించి దించుకోండి. అదే పాళ్లతో కలిపిన పిండిని, పంచదార కలపకుండా, అడుగు మందంగా ఉన్న మూకుట్లో సన్నని సెగమీద, ఉప్మా రవ్వ వేయించినట్టు కలుపుతూ పన్నెండు, పదిహేను నిమిషాలు వేయించండి. కమ్మని వాసన వచ్చి లేత గోధుమరంగుకు తిరగగానే దించి, పూర్తిగా చల్లారాక పంచదార కలిపి డబ్బాలో పెట్టుకోండి. తినబోయే ముందు గోరువెచ్చని పండు మీద రెండు గరిటెలు చల్లి, పక్కన చల్లని పాలమీగడ వడ్డించండి. ముందే చల్లి ఉంచితే మెత్తబడిపోతుంది.