బరువు దాచి పాలసీ తీసుకోమంటున్నారు, తీసుకోవచ్చా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. విజయవాడలో ప్రైవేటు ఉద్యోగం. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 104 కిలోలు. ఈమధ్యే షుగర్ బయటపడింది. కంపెనీ ఇచ్చిన 3 లక్షల ఆరోగ్య బీమా ఉంది. సొంత పాలసీకి వెళ్తే, బరువు తక్కువ రాసి, షుగర్ ఊసెత్తొద్దని ఏజెంటు అంటున్నారు. అసలు ఆ ప్రీమియం డబ్బేదో బ్యాంకులో వేసుకుంటే సరిపోదా?

జవాబు: ఏజెంటు మాట వినకండి. పాలసీ 5 ఏళ్లు వరుసగా నడిచాక, ఫలానా వివరం చెప్పలేదంటూ క్లెయిమును తోసిపుచ్చకూడదన్న నిబంధన ఉంది. కానీ మోసమని రుజువైతే అది వర్తించదు. అయినా 104 కిలోలు ఎక్కడ దాస్తారు? ఆస్పత్రిలో ముందు ఎక్కించేది తూకం మీదకే.

ఇది మీ ఒక్కరి సమస్య కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం మహిళలు, 31 శాతం పురుషులు ఉండాల్సినదానికంటే ఎక్కువ బరువున్నారు. దేశం మొత్తం మీద ఆ లెక్క 24, 23 శాతం. షుగరు, బీపీ, గుండె జబ్బు, మోకాళ్ల నొప్పులు దాని వెంటే వస్తాయి. 2021-22లో దేశంలో వైద్యానికైన ఖర్చులో 39.4 శాతం జనం నేరుగా జేబులోంచి పెట్టుకున్నదే. అధిక బరువు దేశం మీద భారం అంటుంటారు, ఆ భారం చివరికి ఇంటి బడ్జెట్‌లోనే తేలుతుంది.

అందుకే బ్యాంకులో డబ్బు ఒక్కటే చాలదు. ఒక్క స్టెంటు వేయించుకుంటే ఏళ్ల పొదుపు కరిగిపోతుంది. కంపెనీ బీమా ఉద్యోగంతోనే పోతుంది. ముందే ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ (కవర్ మొదలయ్యేదాకా ఆగాల్సిన గడువు) ఇప్పుడు గరిష్ఠంగా 3 ఏళ్లు. ఈ ఏడాది మొదలుపెడితే 44కల్లా షుగర్‌కూ కవర్ వస్తుంది. లోడింగ్, అంటే జబ్బు ఉన్నందుకు ప్రీమియం మీద వేసే అదనపు మొత్తం, భారమనిపిస్తే 5 లక్షల పాలసీ, దానిపైన సూపర్ టాపప్ (ఏడాది ఖర్చు ఒక పరిమితి దాటాక మిగతాది భరించే పాలసీ) చూడండి.

మీ బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) దాదాపు 37. బేరియాట్రిక్ సర్జరీకి (బరువు తగ్గించే ఆపరేషన్‌కు) బీమా వర్తించాలంటే సాధారణంగా అది 40 లేదా అంతకుమించి ఉండాలి. లేదా 35 లేదా ఆపైన ఉండి, అదుపులోకి రాని షుగరో, తీవ్రమైన స్లీప్ ఆప్నియానో (నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడటం) లాంటివి ఉండాలి. గురక ఎక్కువైతే డాక్టరుకు చెప్పండి.

ఆస్పత్రిలో చేరకుండా వాడే మాత్రలు, చేయించుకునే రక్త పరీక్షల ఖర్చు మామూలు పాలసీల్లో రాదు. దానికి బ్యాంకులో నెలనెలా ఒక ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) కట్టుకోండి.

ఒకేసారి నాలుగు కంపెనీలకు ఫారాలు పంపొద్దు. ఎవరైనా కాదంటే ఆ సంగతి తర్వాతి ఫారంలో రాయాల్సి వస్తుంది. ముందు మీ రిపోర్టులు చూపించి, ఎంత లోడింగ్ పడుతుందో అడిగించండి.