చీకటి ఉదయాల్లో లేవాలంటే ముందు లైటు సంగతి చూడండి

చలికాలం మొదలైనప్పటి నుంచి అలారం మూడుసార్లు ఆపేసి మళ్లీ పడుకుంటున్నానని, ఇది బద్ధకమేమోనని బాధపడుతూ రాశారు. బద్ధకం కాదండీ. చీకట్లో మన శరీరం నిద్రమత్తు తెచ్చే మెలటోనిన్ అనే హార్మోన్‌ను విడుదల చేస్తుంది. కంటికి వెలుతురు తగిలితేనే ఒంట్లోని గడియారానికి తెల్లారిందని గట్టిగా తెలుస్తుంది.

గదిలో లైటుకి టైమర్ పెట్టి, అలారం మోగడానికి 20, 30 నిమిషాల ముందే వెలిగేలా చేయండి. మెల్లమెల్లగా వెలుగు పెంచే అలారం దీపాలూ దొరుకుతాయి. నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే. తెల్లారాక కాసేపు ఆరుబయట నిలబడండి. మబ్బు పట్టిన రోజు వెలుతురు కూడా ఇంట్లో లైట్ల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

స్నూజ్ మానేయండి, ఫోన్ మంచానికి దూరంగా పెట్టండి. స్వెటర్, సాక్సులు మాత్రం దిండు పక్కనే ఉంచుకోండి. దుప్పటి తీయగానే కొట్టే చలే మళ్లీ లోపలికి లాగుతుంది, పాపం ఎవరినైనా. సెలవు రోజున కూడా అదే టైముకి లేవండి.

ఒక్కటి అడగాలనిపిస్తోంది: నిద్రమత్తుతో పాటు రోజంతా దిగులుగా, దేనిమీదా ఆసక్తి లేకుండా ఉంటోందా? అది రెండు వారాలు దాటితే డాక్టర్‌ని కలవండి. చలికాలంలోనే వచ్చే డిప్రెషన్ ఒకటుంది, దానికి చికిత్సా ఉంది. అందులో వాడే 10,000 లక్స్ (వెలుతురుకి కొలమానం) దీపాన్ని కంటి జబ్బు గానీ బైపోలార్ (మూడ్ విపరీతంగా పైకీ కిందికీ మారే జబ్బు) గానీ ఉంటే డాక్టర్‌ని అడగకుండా వాడొద్దు.