ర్యామ్ 8 జీబీ, క్రోమ్ మాత్రం 1 టీబీ అంటోందేంది?

ప్రశ్న: అన్నా, మాది అనంతపురం, బీటెక్ థర్డ్ ఇయర్. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వేసుకున్నా. ఏ ప్రోగ్రామ్ ఎంత మెమరీ వాడుతోందో చూపే హెచ్‌టాప్‌లో చూస్తే క్రోమ్ ఎదురుగా విర్ట్ కాలమ్‌లో 1 టీబీ పైనే ఉంది. వైరస్ ఏమన్నా పట్టిందా?

ఏం పట్టలేదు తమ్ముడూ, నిమ్మళంగా ఉండు. విర్ట్ అనేది మెమరీ కాదు, ఉత్త అడ్రస్‌ల లెక్క. బెంగళూరు హైవే పక్కన వెంచర్లు చూసుంటావు కదా, చెనక్కాయ చేలల్లో రాళ్లు పాతి నంబర్లు వేసేస్తారు, ఇల్లు ఒక్కటీ ఉండదు. సిస్టమ్‌ని లోపల్నుంచి నడిపే కెర్నల్ చేసేదీ అదే. ప్రోగ్రామ్ ఎంమ్యాప్ అని పిలిచి ఇంత జాగా కావాలంటే, దాని అడ్రస్ స్పేస్‌లో ఖాళీ యాడుందో చూసి, ఇక్కడ్నుంచి ఇక్కడిదాకా నీది అని రాసుకుని మొదటి అడ్రస్ చేతిలో పెట్టి పంపించేస్తుంది, ఆ జాగాకి ర్యామ్ మాత్రం అప్పుడే ఇయ్యదు. ప్రోగ్రామ్ అందులో మొదటిసారి రాయబోయినప్పుడు ప్రాసెసర్ పేజ్ టేబుల్ (ఏ అడ్రస్ ర్యామ్‌లో యాడుందో చెప్పే పట్టిక) చూస్తుంది, అక్కడ ఎంట్రీ ఉండదు, పేజ్ ఫాల్ట్ అని కెర్నల్‌ని లేపుతుంది, అప్పుడు అది ర్యామ్‌లో 4 కేబీ ముక్క, అంటే పేజీ, ఒకటి వెతికి, సున్నాలతో తుడిచి, టేబుల్‌లో ఎక్కించి, ఆగిన ఇన్‌స్ట్రక్షన్‌నే మళ్లీ నడిపిస్తుంది. పేరుకే ఫాల్ట్, క్రోమ్ తెరుచుకునే లోపే ఇవి వేలల్లో అయిపోతాయి.

మరి 1 టీబీ ఎందుకంటే, క్రోమ్‌లో జావాస్క్రిప్ట్ నడిపే వీ8 ఇంజిన్ భద్రత కోసం అంత జాగాకి ముందే కంచె వేసుకుంటుంది, ఏదైనా బగ్ వచ్చినా పాయింటర్ బయటికి దాటకుండా. 48 బిట్ల అడ్రస్‌లున్న మామూలు 64 బిట్ లైనక్స్‌లో ఒక్కో ప్రోగ్రామ్‌కి 128 టీబీ జాగా, అందులో ఇదెంత! పాత 32 బిట్‌లో మొత్తం 4 జీబీనే, అందులోనూ 1 జీబీ కెర్నల్‌కే పోయేది, ఈ వేషాలు కుదిరేవి కాదు. నువ్వు చూడాల్సింది రెస్ కాలమ్, ప్రోగ్రామ్ చేతిలో నిజంగా ఉన్న ర్యామ్ అది. అన్ని ప్రోగ్రామ్‌ల రెస్ నంబర్లనూ కలిపి లెక్కేయొద్దు, షేర్ చేసుకున్న పేజీలు రెండేసిసార్లు లెక్కలోకొస్తాయి.

అందరూ ఒకేసారి ఇళ్లు కట్టడానికి దిగితే? ర్యామూ, దానికి తోడుగా డిస్క్‌లో పెట్టుకున్న స్వాపూ అయిపోయాక, కెర్నల్‌లోని ఓఓఎం కిల్లర్ ఏదో ఒక ప్రోగ్రామ్‌ని లేపేస్తుంది. ఓసారి నా కాలమ్ సగం రాసున్న ఎడిటర్‌నే లేపేసింది.

ప్రశ్న: కడప నుంచి సార్. ఒకే సీ ప్రోగ్రామ్‌ని రెండు టెర్మినళ్లలో, బగ్‌లు వెతికే జీడీబీతో నడిపితే వేరియబుల్ అడ్రస్ రెండింట్లోనూ ఒకటే, విలువలు వేరే. ఎట్లా?

ప్రతి వెంచర్‌లోనూ 14వ నంబర్ ప్లాట్ ఉంటుంది కదండీ, అట్లా. ఒక్కో ప్రాసెస్‌కి సొంత పేజ్ టేబుల్, కెర్నల్ ఒకదాన్ని ఆపి ఇంకోదాన్ని నడిపేటప్పుడు టేబుల్ కూడా మార్చేస్తుంది, అదే నంబర్ ర్యామ్‌లో వేరే చోటికి పోతుంది. ఇంకో మెలిక, దొంగలు అడ్రస్ ముందే ఊహించకుండా లైనక్స్ ప్రతిసారీ ప్రోగ్రామ్ డేటా ఉండే స్టాక్‌నీ హీప్‌నీ కాస్త అటూ ఇటూ జరుపుతుంది, జీడీబీ మన సౌకర్యం కోసం దాన్ని ఆపేస్తుంది. జీడీబీ లేకుండా క్యాట్ కమాండ్‌తో /ప్రాక్/సెల్ఫ్/మ్యాప్స్ ఫైల్ రెండుసార్లు తెరిచి చూడండి, స్టాక్ లైన్‌లో నంబర్లు మారిపోయి ఉంటాయి.