జావా 8 నుంచి 21కి మారుతున్న అల్లుడికి అత్తయ్య రాసేది

ఒరేయ్ అల్లుడూ,

మీ ప్రాజెక్ట్ జావా భాష 8వ వెర్షన్ నుంచి 21కి వెళ్తోందని, పాత కోడ్‌ని కొత్త సింటాక్స్‌లోకి, అంటే కొత్తగా రాసే తీరులోకి, మార్చే పని నీకు అంటగట్టారని మెసేజ్ పెట్టావు కదా, ఫోన్లో చెప్తే ఊ ఊ అని సగం మర్చిపోతావు నువ్వు, అందుకే కూర్చుని రాస్తున్నా. పెద్దదే అయింది, లంచ్ అయ్యాక చదువుకో.

8 వచ్చింది 2014 మార్చిలో, 21 వచ్చింది 2023 సెప్టెంబర్‌లో. తొమ్మిదిన్నరేళ్లలో భాషలోకి వచ్చినవన్నీ ఒకేసారి నీ నెత్తిన పడ్డాయన్నమాట. 2017లో 9 వచ్చినప్పట్నుంచీ ఆర్నెల్లకో వెర్షన్ వస్తూనే ఉంది, మనవాళ్లే కదల్లేదు, ఏదో స్ప్రింగ్ బూట్ అనే ఫ్రేమ్‌వర్క్ 3వ వెర్షన్‌కి కనీసం జావా 17 ఉండాలి అనేసరికి బ్యాంకులు, ఇన్సూరెన్స్ వాళ్లు కూడా లేచారు. సరే. ఇప్పుడు నువ్వు చేయకూడని పని ఏంటంటే కొత్త ఫీచర్ల లిస్ట్ పక్కన పెట్టుకుని పెళ్లికి ఇల్లంతా సున్నం కొట్టించినట్టు ఫైల్ తర్వాత ఫైల్ మార్చుకుంటూ పోవడం. ఎడిటర్లో ఒక్క క్లిక్‌తో అన్నీ మారిపోతాయి, ఏఐకి చెప్తే ఇంకా ఫాస్ట్‌గా మార్చి పెడుతుంది, అదే ప్రాబ్లం. ఒక్కో ఫీచర్ దగ్గర ఆగి ఒకటే చూడు, ఇది నాకు టైపింగ్ తగ్గిస్తోందా లేక నేను మర్చిపోయినదాన్ని కంపైలర్ (కోడ్‌ని నడిచే రూపంలోకి మారుస్తూ తప్పులు చూపించేది) పట్టుకునేలా చేస్తోందా అని. టైపింగ్ తగ్గించేవి మెల్లగా, ఆ ఫైల్లో వేరే పని పడినప్పుడు చేసుకోవచ్చు. రెండో రకం కోసం మాత్రం టైమ్ అడిగి మరీ చెయ్.

దానికంటే ముందు ఆర్డర్ చెప్తా. మొదట జేడీకే, అంటే జావా టూల్స్ సెట్, మాత్రమే 21 పెట్టి, బిల్డ్ చేసే మేవెన్‌లో ఏ జావా వెర్షన్ కోసమో చెప్పే రిలీజ్ సెట్టింగ్ 8 అలాగే ఉంచి బిల్డ్ చెయ్, వార్నింగ్ ఇస్తుంది, పర్లేదు. టెస్టులు పాసయ్యాక రిలీజ్ 21 చెయ్. ఇక్కడ నువ్వు ముట్టుకోని కోడ్ కూడా విరుగుతుంది చూడు. పాత ప్రాజెక్టుల్లో రికార్డ్ అనే పేరుతో సొంత క్లాస్ ఉండటం మామూలే కదా, దాన్ని వేరే ప్యాకేజీ నుంచి చుక్క స్టార్ పెట్టి ఇంపోర్ట్ చేసుకుని ఉంటే ఇప్పుడు జావా లాంగ్‌లో (దానంతటదే ఇంపోర్ట్ అయ్యే ప్యాకేజీ) కూడా రికార్డ్ ఉంది కాబట్టి ఏది కావాలో తెలీట్లేదని కంపైలర్ ఆగిపోతుంది. ఆ క్లాస్ పూర్తి పేరుతో ఒక ఇంపోర్ట్ లైన్ రాస్తే అయిపోతుంది, కానీ తెలీకపోతే పూట పోతుంది. అలాగే వేరియబుల్‌కి ఒట్టి అండర్‌స్కోర్ పేరు పెట్టినవాళ్లు ఉంటారు, 8లో వార్నింగ్‌తో వదిలేసింది, 9 నుంచి ఎర్రర్. ఇవన్నీ ఒక పీఆర్‌లో (రివ్యూకి పంపే మార్పుల కట్ట) పెట్టు. సింటాక్స్ మార్పులు ఇంకో పీఆర్‌లో. రెండూ కలిపావంటే రేపు ప్రొడక్షన్‌లో ఏదైనా పడినప్పుడు వెర్షన్ వల్లా నీ వల్లా అని తేల్చుకోలేక అందరూ నీ మొహమే చూస్తారు.

ఇప్పుడు అసలు సంగతి, స్విచ్, అంటే విలువని బట్టి ఏ కేస్ నడవాలో ఎంచుకునేది. బాణం గుర్తుతో రాసే స్విచ్ 14లో ఖాయమైంది, కింది కేస్‌లోకి జారకుండా ఆపే బ్రేక్ రాయక్కర్లేదు, చూడ్డానికి నీట్‌గా ఉంటుంది, అందరూ ముందు దీని మీదే పడతారు. రెండు విషయాలు గుర్తుపెట్టుకో. ఒకటి, పాత కోడ్‌లో బ్రేక్ లేని కేస్ కనపడితే అది మర్చిపోయిందా కావాలని కింది కేస్‌లోకి వదిలిందా అన్నది గిట్ హిస్టరీలో చూడకుండా బాణం పెట్టకు, ఎందుకంటే బాణం పెడితే కిందకి జారదు, లాజిక్ మారిపోతుంది. రెండోది చాలామందికి తెలీదు. ఈనమ్ (ఇవే విలువలు అని ముందే రాసిపెట్టిన టైప్) మీద స్విచ్ రాసి కోలన్లు తీసేసి బాణాలు పెట్టినంత మాత్రాన కేసులన్నీ ఉన్నాయో లేదో కంపైలర్ చూడదు. స్విచ్ నుంచి విలువ బయటికి రావాలి, అంటే దాన్ని ఒక వేరియబుల్‌లో పెట్టుకోవడమో రిటర్న్ చేయడమో చెయ్యాలి, అప్పుడే చెక్ చేస్తుంది. కాబట్టి ప్రతి కేస్‌లో ఒకే వేరియబుల్‌కి అసైన్ చేసే స్విచ్‌లు ఎక్కడున్నాయో ముందు వాటిని పట్టుకో, లాభమంతా అక్కడుంది.

ఇక 21లో పూర్తయిన జట్టు ఏంటంటే సీల్డ్ ఇంటర్‌ఫేస్ (ఎవరు ఇంప్లిమెంట్ చేయొచ్చో ముందే కట్టేసినది), రికార్డ్ (డేటా మోయడానికే ఉన్న చిన్న క్లాస్), ప్యాటర్న్‌లతో స్విచ్ (వచ్చినది ఏ టైపో చూసి కేస్ ఎంచుకునేది), ఇవి మూడూ కలిసి. మీది పేమెంట్స్ ప్రాజెక్టే కాబట్టి దాంతోనే చెప్తా. పేమెంట్ అని ఒక సీల్డ్ ఇంటర్‌ఫేస్, దాని కింద కార్డ్, యూపీఐ, నెట్ బ్యాంకింగ్ అని మూడు రికార్డులు, ఇంకెవరూ దాన్ని ఇంప్లిమెంట్ చేయలేరు. ఫీజు లెక్కేసే చోట, రిఫండ్ చోట, రిపోర్ట్ చోట ఈ మూడింటి మీద స్విచ్ ఉంటుంది. రేపు బిజినెస్ వాళ్లొచ్చి వాలెట్ కూడా కావాలంటారు. పాత పద్ధతిలో అయితే ఇది ఏ టైప్ అని అడిగే ఇన్‌స్టాన్స్‌ఆఫ్‌లు పెట్టిన ఇఫ్ ఎల్స్‌లు ఎక్కడెక్కడున్నాయో సెర్చ్ కొట్టుకుని వెతకాలి, ఒక చోట వదిలేస్తావు, ఆ వదిలేసింది ఎప్పుడూ రిఫండ్ దగ్గరే ఉంటుంది అదేంటో! ఇక్కడైతే వాలెట్ రికార్డ్ కలిపి బిల్డ్ కొడితే చాలు, వాలెట్ సంగతేంటి అని ప్రతి స్విచ్ దగ్గరా ఎర్రర్ వస్తుంది. ఆ ఎర్రర్లే నీ టూడూ లిస్ట్.

అయితే దీన్ని చేతులారా చెడగొట్టే లైన్ ఒకటుంది, డిఫాల్ట్. సేఫ్టీ కోసం అని చివర డిఫాల్ట్, అంటే ఏ కేస్‌కీ తగలనిది పడే చోటు, పెడతారు, రివ్యూలో సీనియర్లే పెట్టమంటారు కూడా, అది పెట్టావంటే వాలెట్ వెళ్లి కిమ్మనకుండా డిఫాల్ట్‌లో పడుతుంది, కంపైలర్ నోరు మూసుకుంటుంది. సీల్డ్ మీద స్విచ్ రాస్తే డిఫాల్ట్ వద్దు, లీడ్ అడిగితే ఈ కారణమే చెప్పు, ఒప్పుకుంటారు. వెన్ అని కండిషన్ తగిలించిన కేస్ కూడా కవర్ అయినట్టు లెక్క కాదు, కింద కండిషన్ లేని కేస్ ఒకటి ఉండాల్సిందే. నల్ (విలువే లేకపోవడం) వస్తే పాతకాలంలో లాగే ఎక్సెప్షన్ పడుతుంది, డిఫాల్ట్ ఉన్నా సరే, నల్ కోసం విడిగా కేస్ నల్ రాస్తేనే పట్టుకుంటుంది.

రికార్డులు 16లో ఖాయమయ్యాయి. గెట్టర్లు, ఈక్వల్స్, హ్యాష్‌కోడ్ అన్నీ అదే ఇస్తుంది కదా అని కనపడిన ప్రతి క్లాస్‌నీ రికార్డ్ చేయకు. డేటాబేస్ ఎంటిటీలు అస్సలు చేయొద్దు, క్లాసుల్ని డేటాబేస్ టేబుళ్లతో కలిపే జేపీఏకి ఖాళీ కన్‌స్ట్రక్టర్ కావాలి, ఫైనల్ (ఎక్స్‌టెండ్ చేయలేని) క్లాస్ పనికిరాదు, రికార్డ్ రెండింటికీ సరిపడదు. అటూ ఇటూ డేటా మోసే డీటీవోలకి బాగుంటుంది, కానీ మెథడ్ పేరు ముందు గెట్ ఉండదు, పాత జేఎస్‌పీ వెబ్ పేజీలు, ఏ కాలంనాటివో మ్యాపర్ లైబ్రరీలు గెట్ కోసమే వెతుకుతాయి, కంపైల్ బానే అయి పేజీలో మాత్రం ఖాళీ రావచ్చు లేదా ఎర్రర్ కొట్టొచ్చు. జేసన్ డేటాని చదివి రాసే జాక్సన్ లైబ్రరీ అయితే 2.12 నుంచి రికార్డుల్ని అర్థం చేసుకుంటుంది, మీ వెర్షన్ చూసుకో.

ఇంకోటి, ఇది పేమెంట్స్‌లో పనిచేసేవాళ్లకి మరీ ముఖ్యం. రికార్డ్‌ని లాగ్‌లో ప్రింట్ చేస్తే లోపలున్న ఫీల్డులన్నీ వరసగా వచ్చేస్తాయి. కార్డ్ నంబర్ కూడా! పాత క్లాస్‌లో ఎవరో పుణ్యాత్ముడు టూస్ట్రింగ్‌లో (ప్రింట్ చేస్తే ఏం కనపడాలో చెప్పే మెథడ్) చివరి నాలుగంకెలు మాత్రమే ఉంచి మిగతావి స్టార్లు పెట్టి ఉంటాడు, నువ్వు క్లాస్ తీసేసి ఒక్క లైన్‌లో రికార్డ్ రాసి భలే తగ్గింది అనుకుంటావు, ఆ స్టార్లు కూడా దాంతోపాటే పోయాయి. మార్చే ముందు పాత క్లాస్‌లో టూస్ట్రింగ్, ఈక్వల్స్ చేత్తో రాసినవి ఉన్నాయా చూడు, ఉంటే అవీ తెచ్చుకో. లోపల లిస్ట్ ఉంటే కన్‌స్ట్రక్టర్‌లో కాపీ చేసి పెట్టుకో, రికార్డ్ మారదు అంటారు గానీ దానిలోని లిస్ట్‌ని బయటివాళ్లు శుభ్రంగా మార్చేయొచ్చు.

టెక్స్ట్ బ్లాకులు, అంటే చాలా లైన్ల స్ట్రింగ్‌ని ఒకేసారి రాసే పద్ధతి, నాకు భలే ఇష్టం. ప్లస్‌లు పెట్టుకుంటూ అతికించిన ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ని అడిగే భాష) క్వెరీలో టేబుల్ పేరు చివర స్పేస్ మర్చిపోయి WHERE అనే మాట వెళ్లి దానికి అతుక్కుపోవడం, ఆ గోల ఉండదిక. మూడు డబుల్ కోట్స్ మధ్య క్వెరీని ఉన్నదున్నట్టు పెట్టెయ్. ఒక్కటే జాగ్రత్త, ప్రతి లైన్ చివర స్పేసులు అది కత్తిరించేస్తుంది. ఎస్‌క్యూఎల్‌కి ఏం కాదు, కానీ బ్యాంకులకి పంపే ఫైళ్లలో ఒక్కో లైన్ ఇన్ని క్యారెక్టర్లే ఉండాలని స్పేసులతో నింపుతారు చూడు, అలాంటి టెంప్లేట్‌ని టెక్స్ట్ బ్లాక్ చేస్తే అవతలివాళ్లు ఫైల్ రిజెక్ట్ చేస్తారు. అక్కడ లైన్ చివర బ్యాక్‌స్లాష్ ఎస్ పెట్టాలి, లేదా దాని జోలికే పోకు. క్వెరీ అందంగా ఉంది కదా అని మధ్యలో యూజర్ ఇచ్చిన విలువలు కలిపేయకు, ప్రశ్న గుర్తులే పెట్టి, విలువల్ని విడిగా పంపే ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌తోనే పంపు.

వార్ (var, వేరియబుల్ టైప్ రాయకుండా కంపైలర్‌కే వదిలేయడం) గురించి టీమ్‌లో కొట్టుకుంటారు, నువ్వు దూరకు. కుడివైపు న్యూ అని టైప్ కనపడుతుంటే వాడు, ఏదో మెథడ్ పిలిచి దాని టైప్ ఏంటో తెలీకుండా వార్ పెట్టి రివ్యూ చేసేవాణ్ని వేధించకు, అంతే.

ప్రివ్యూ (ఇంకా ఖాయం కానిది, ట్రయల్‌కి ఇచ్చింది) అని రాసి ఉన్న ఫీచర్ ఏదీ ప్రొడక్షన్ కోడ్‌లోకి రానివ్వకు. స్ట్రింగ్ టెంప్లేట్స్ అని 21లో ప్రివ్యూగా వచ్చింది, 22లో మళ్లీ వచ్చింది, బాగుంది బాగుంది అన్నారు, డిజైన్ నచ్చలేదని 23లో తీసేశారు. దాన్ని వాడినవాళ్లు కోడ్ వెనక్కి రాసుకోవాల్సిందే. పైగా ప్రివ్యూ ఆన్ చేసి కంపైల్ చేసిన క్లాస్ సరిగ్గా ఆ వెర్షన్ మీదే నడుస్తుంది, తర్వాతి దాని మీద నడవదు. ఇంట్లో నీ లాప్‌టాప్‌లో ఎన్నైనా ఆడుకో.

మీ మేనేజర్ ఎలాగూ అంటాడు, 2025 సెప్టెంబర్‌లో 25 వచ్చింది కదా, అది కూడా ఎల్‌టీఎసే (ఎక్కువ ఏళ్లు సపోర్ట్ ఉండే వెర్షన్), నేరుగా దానికే పోదామా అని. అడ్డంగా కాదనకు, మీ బిల్డ్ టూల్, గెట్టర్ల లాంటి కోడ్‌ని తనే పుట్టించే లాంబాక్ లైబ్రరీ, సర్వర్, మానిటరింగ్ ఏజెంట్ ఇవన్నీ 25 మీద నడుస్తాయని వాటి డాక్యుమెంట్లలో ఉందేమో చూసి ఒక షీట్‌లో పెట్టి ఆయన ముందు పెట్టు, ఆయనే తేల్చుకుంటాడు. నువ్వు రాసే సింటాక్స్ మాత్రం 21దే, 25లో కూడా అలాగే నడుస్తుంది.

మొదటి సీల్డ్ ఇంటర్‌ఫేస్ రాశాక నాకు చూపిస్తానన్నావు, కంపెనీ కోడ్ వాట్సాప్‌లో పంపకు రా నాయనా, ఉద్యోగం పోతుంది. అదే ఆకారంలో కూరగాయల కొట్టు బిల్లు మీద ఒక చిన్న శాంపిల్ రాసి పంపు, ఆదివారం పొద్దున ఖాళీయే నేను, చూసి చెప్తా.

మీ అత్తయ్య