3 టీబీ వీడియోలకు బ్యాకప్ ఎలా?

ప్రశ్న: మా ఇంటి కంప్యూటర్‌లో 4 టీబీ హార్డ్ డిస్కు ముప్పావు వంతు నిండింది. క్యాసెట్ల నుంచి ఎక్కించిన పెళ్లి వీడియోలు, పిల్లల ఫొటోలు, మావారు రికార్డు చేసుకున్న హరికథలు అన్నీ అందులోనే. ఇంకో డిస్కు లోపలే బిగించి రెయిడ్ చేయిద్దామంటాడు మా అబ్బాయి. క్లౌడ్‌లో పెట్టేయమంటాడు షాపతను. ఎవరి మాట వినను?
- ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: రెయిడ్ వద్దండీ. ఒక డిస్కు పాడైనా పని ఆగకుండా, రెండు డిస్కుల్లోనూ ఒకేసారి అదే రాస్తూ పోయే ఏర్పాటు అది. చెయ్యి జారి ఒక ఫోల్డరు డిలీట్ చేశారనుకోండి, రెండో డిస్కులోనూ అప్పుడే పోతుంది. ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వైరస్ వచ్చినా అంతే. పిడుగుపాటుకు కంప్యూటర్‌లోని కరెంటు పెట్టె (ఎస్ఎంపీఎస్) కాలిందంటే రెండు డిస్కులూ ఉన్నది ఆ కంప్యూటర్‌లోనే కదా!

క్లౌడ్ చెడ్డదేం కాదు. కానీ అప్‌లోడ్ 40 ఎంబీపీఎస్ (అంటే సెకనుకు 5 ఎంబీ) వచ్చినా 3 టీబీ ఎక్కడానికి రాత్రీ పగలూ కలిపి వారం పడుతుంది. పైగా నెలనెలా అద్దె. హరికథలు ఆడియోలే అయితే పెద్ద జాగా పట్టవు, అవి మళ్లీ దొరికేవీ కావు. వాటినీ, ఏరిన కొన్ని ఫొటోలనూ క్లౌడ్‌లో పెట్టండి, చాలు. డీవీడీల ఊసే వద్దు. ఒక్కోదాంట్లో పట్టేది 4.7 జీబీ, ఆరువందల పైచిలుకు రాయాలి.

మిగతావాటికి బయట తగిలించే యూఎస్‌బీ డిస్కులు రెండు కొనండి, 4 టీబీకి తగ్గకుండా. ఒకటి ఇంట్లో, రెండోది వేరే ఊళ్లో చుట్టాలింట్లో. పండక్కి వెళ్లినప్పుడు ఒకదాన్ని ఇచ్చి ఇంకోదాన్ని తెచ్చుకోండి. డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతులు కొన్ని ఉంటాయి; మీది విండోస్ అయితే ఎన్‌టీఎఫ్ఎస్ అనే పద్ధతిలో ఫార్మాట్ చేయించండి. కాపీ మధ్యలో కరెంటు పోతే, ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో పద్ధతి కంటే అది నయం. మొదటి కాపీకి సెకనుకు 100 ఎంబీ లెక్కన ఎనిమిది గంటలు దాటుతుంది. చాలా పోర్టబుల్ డిస్కులు కాసేపటికి నెమ్మదిస్తాయి, కంగారు పడకండి. స్లీప్ మోడ్ ఆపేసి రాత్రికి వదిలేయండి.

కాపీకి ఫ్రీఫైల్‌సింక్ అనే ఉచిత ప్రోగ్రాం బాగుంటుంది. విండోస్‌తో సహా మొత్తం డిస్కుకు నకలు (ఇమేజ్) తీయక్కర్లేదు. విండోస్ మళ్లీ వేయించుకోవచ్చు, వీడియోలేమో ఇంకా కుదించినా తగ్గవు. ఫ్రీఫైల్‌సింక్‌లో ‘అప్‌డేట్’ పద్ధతి ఎంచుకోండి, అది బ్యాకప్‌లో ఉన్న ఫైళ్లను డిలీట్ చేయదు. ‘కంపేర్’ నొక్కాక, ‘సింక్రొనైజ్’ నొక్కేముందు కింద కనిపించే అంకెలు చూడండి. మీరు చేర్చినవి పది ఫొటోలైతే వేల ఫైళ్లు మారినట్టు చూపిస్తోందా? అక్కడే ఆగి బ్యాకప్ డిస్కు కేబుల్ పీకేయండి. వైరస్ చెడగొట్టిన ఫైళ్లు మంచివాటి మీదకి ఎక్కబోతున్నాయేమో! పని అయిపోయాక కూడా డిస్కును తగిలించి ఉంచొద్దు. కాపీ అయిందన్న మాట నమ్మేసి ఊరుకోకుండా, వేరే కంప్యూటర్‌కు పెట్టి రెండు మూడు వీడియోలు మధ్యలోంచి ఆడించి చూడండి.

కొత్త డిస్కులు వచ్చేలోపు మీ అబ్బాయిచేత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాంలో పాతదాని ఆరోగ్యం చూపించండి. పసుపు రంగులో ‘కాషన్’ (జాగ్రత్త) అని ఉంటే అందులో కొత్తగా ఏదీ ఎక్కించకండి. ఇంట్లో ఉన్న ఏ పెన్‌డ్రైవ్‌లోకైనా సరే, ఆ పూటే హరికథలు దింపేసుకోండి.