నారు పడిపోతే తప్పు విత్తనానిదేనా?

ప్రశ్న: రోహిణి కార్తె ఎండల్లో పెరట్లో చిన్న మడి చేసి టమాటా, మిరప గింజలు చల్లాను. మడి ఎండిపోతుందేమోనని రోజూ మూడు పూటలా నీళ్ళు పోశాను. టమాటా కొంత మొలిచింది కానీ, వారం తిరగకముందే మొలకలు మొదలు దగ్గర నీరుపట్టి మెత్తబడి పడిపోయాయి. మిరప పన్నెండు రోజులైనా సగం కూడా పైకి రాలేదు. పాదుల్లో పెట్టిన ఆరు కాకర గింజల్లో ఒక్కటే మొలిచింది. ఇవి నాసిరకం విత్తనాలేనా? తొలకరికి మళ్ళీ వేయాలనుకుంటున్నాను.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: విత్తనాన్ని తప్పుపట్టే ముందు దాన్ని పరీక్షించి చూడండి. ప్యాకెట్లో మిగిలిన గింజల్లో ఇరవైని తడిపి పిండిన నూలుగుడ్డలో చుట్టి, నీడన ఉంచి, గుడ్డ ఆరకుండా చూసుకుంటే, టమాటా అయిదారు రోజుల్లో, మిరప ఎనిమిది నుంచి పది రోజుల్లో మొలక చూపుతాయి. మన దేశపు విత్తన ధ్రువీకరణ ప్రమాణాల ప్రకారం టమాటాకు కనీసం 70 శాతం, మిరపకు 60 శాతం మొలక ఉంటే చాలు. అంటే ఇరవై మిరప గింజల్లో పన్నెండు మొలిచినా ఆ విత్తనం మంచిదే.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే, టమాటా మొలకలను పడగొట్టింది నారుకుళ్ళు తెగులు. దాన్ని కలిగించే పితియం వంటి, శిలీంధ్రాలను పోలిన సూక్ష్మజీవులు మట్టిలో ఎప్పుడూ ఉంటాయి. అవి విజృంభించడానికి కావలసినది ఎడతెగని తడి. మూడు పూటలా నీళ్ళు పోయడంలో మీ శ్రద్ధ కనిపిస్తున్నది కానీ, నష్టం జరిగింది కూడా అక్కడే. నీటిని పీల్చుకుని ఉబ్బిన గింజ ఊపిరి తీసుకోవడం మొదలుపెడుతుంది. తనలో దాచుకున్న ఆహారాన్ని శక్తిగా మార్చుకోవడానికి దానికి ప్రాణవాయువు కావాలి. మట్టి రేణువుల మధ్య ఖాళీలన్నీ నీటితోనే నిండిపోతే గాలికి చోటుండదు, గింజ లోపలే కుళ్ళిపోతుంది. మిరప పైకి రాకపోవడానికి ఇదే ముఖ్య కారణం కావచ్చు. దీనికి వేడి కూడా తోడయింది. ఈ రెండు పంటలూ 25 నుంచి 30 డిగ్రీల వేడిలో బాగా మొలుస్తాయి. 35 దాటితే టమాటా మొలక బాగా తగ్గుతుంది. రోహిణి ఎండలో నీడలేని మడిలోని పైమట్టి గాలికన్నా ఎక్కువగా కాగుతుంది.

కనుక ఈసారి మృగశిర ప్రవేశించి వాతావరణం చల్లబడ్డాక, కొత్త చోట, మీటరు వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తు ఉండే మడి చేయండి. మీ ప్రాంతపు నల్లమట్టి తడిని త్వరగా వదలదు కాబట్టి, అందులో ఇసుకను, బాగా చివికిన పశువుల ఎరువును సమంగా కలపండి. పచ్చి పేడను మాత్రం దగ్గరికి రానీయకండి. ఆ ఎరువులోనే ట్రైకోడెర్మా విరిడె (తెగులు క్రిములను అణచే మేలుచేసే శిలీంధ్రం) పొడి కలిపి వారం రోజులు నీడన తడిగా ఉంచి వాడితే నారుకుళ్ళుకు ముందుగానే అడ్డుకట్ట పడుతుంది. గింజలను గుప్పిళ్ళతో చల్లకుండా, నాలుగు వేళ్ళ ఎడంతో గీతలు గీసి, అర సెంటీమీటరు లోతున పలుచగా వేసి, జల్లించిన ఎరువుతో కప్పి, పైన వరిగడ్డి పరవండి. మొలకలు కనబడిన రోజు సాయంత్రమే ఆ గడ్డిని తీసేయాలి. ఒక్క రోజు ఆలస్యమైనా అవి వెలుతురు కోసం సాగి, సన్నగా, పాలిపోయి తయారవుతాయి. అలా సాగిన నారు తరువాత బలంగా నిలబడటం కష్టం.

నీటిని ఉదయం పూట మాత్రమే, సన్నని చిల్లుల డబ్బాతో చల్లండి. వేలి మొదటి గణుపు లోతున మట్టి చెమ్మగా తగిలితే ఆ రోజుకు నీళ్ళు అక్కరలేదు. ఎక్కడైనా మొలకలు పడిపోతుంటే, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు కలిపి మొదళ్ళు తడిసేలా పోయండి. ఈ మందు ట్రైకోడెర్మాను కూడా దెబ్బతీస్తుంది కనుక రెండింటినీ ఒకేసారి వాడవద్దు.

కాకర సంగతి వేరు. దాని పెంకు మందం, నీరు త్వరగా లోపలికి దిగదు. గింజ కొనను గోళ్ళు కత్తిరించే పనిముట్టుతో, లోపలి పప్పుకు తగలకుండా కాస్త తుంచి, రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టండి. తెల్లని వేరు మొన కనబడిన గింజలనే రెండు సెంటీమీటర్ల లోతున పాదులో పెట్టండి.

నారుకు మొదటి పది రోజులు మిట్టమధ్యాహ్నం 50 శాతం నీడనిచ్చే షేడ్‌నెట్ చాలు. తరువాత రోజుకు కొంత చొప్పున ఎండ పెంచుతూ దాన్ని పూర్తిగా తీసేయండి. నాటడానికి వారం ముందు నుంచి నీళ్ళు తగ్గిస్తే కాండం గట్టిపడుతుంది. టమాటా నారు 25 నుంచి 30 రోజులకు, మిరప నారు సుమారు ఆరు వారాలకు నాటడానికి వస్తుంది. పీకే ముందు మడిని బాగా తడిపి, వేళ్ళు తెగకుండా మట్టితో సహా తీసి, ఎండ తగ్గిన సాయంత్రం వేళ నాటండి.