బ్లాకులతో బృంద చికిత్స పిల్లల మాటకు నిజంగా ఉపయోగపడుతుందా? ఆ బృందాలు నడిపే స్పీచ్ థెరపిస్టుగా నా జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఆటిజం ఉన్న మీ అబ్బాయికి ఏడేళ్లు. వాక్యాలు పూర్తిగా మాట్లాడతాడు, ఇష్టమైన విషయం దొరికితే ఆపకుండా చెబుతాడు, కానీ తోటి పిల్లలతో మాట కలపలేకపోతున్నాడు. లెగో లాంటి బ్లాకులతో బృంద చికిత్స ఇప్పించమని ఎవరో సలహా ఇచ్చారు. ఆడుకోవడానికి డబ్బు కట్టడం ఎందుకు, ఆ బ్లాకులేవో కొని ఇంట్లోనే ఆడించవచ్చు కదా అని మీ సందేహం.

నేను కొన్నేళ్లుగా ఇలాంటి బృందాలు నడుపుతున్నాను. మీ అబ్బాయి లాంటి పిల్లలకు ఇది తప్పక ప్రయత్నించదగినదని నా నమ్మకం. అయితే మేలంతా ఒక ఏర్పాటులో ఉంది: మాట్లాడితే తప్ప పని ముందుకు సాగని పరిస్థితిలో పిల్లలను కూర్చోబెట్టడం. ఆ పరిస్థితిని పెద్దవాళ్లు చెడగొట్టకుండా కాపాడగలిగితేనే అది చికిత్స అవుతుంది. చెడగొడితే అదే బల్ల దగ్గర, అవే బ్లాకులతో మామూలు కాలక్షేపం అవుతుంది.

ఏర్పాటు ఇలా ఉంటుంది. ముగ్గురు పిల్లలు కలిసి ఒకే నమూనా కట్టాలి. ఒకరు ఇంజినీరు. ఏ ముక్క ఎక్కడ పెట్టాలో చూపించే బొమ్మల పుస్తకం ఆ పిల్లవాడి దగ్గరే ఉంటుంది, కానీ ముక్కలు ముట్టుకోకూడదు. ఇంకొకరు సప్లయరు. ముక్కల డబ్బా వారిది, అడిగిన ముక్క వెతికి ఇవ్వాలి. మూడో వారు బిల్డరు. అతికించే చేతులు వారివే, కానీ బొమ్మ చూడకూడదు. నాలుగో పిల్ల ఉంటే అందరూ తమ పని సరిగా చేస్తున్నారా అని చూసే బాధ్యత ఇస్తాం. కాసేపటికి పాత్రలు మారతాయి. తెలిసినవాడికి ముక్కలు లేవు, ముక్కలున్నవాడికి తెలియదు. కాబట్టి మాట వాళ్ల మధ్య నడవాల్సిందే.

దీనికి ఒక పద్ధతిగా రూపం ఇచ్చినవారు డేనియల్ లెగాఫ్ అనే క్లినికల్ న్యూరోసైకాలజిస్టు, అంటే మెదడుకూ ప్రవర్తనకూ ఉన్న సంబంధాన్ని చూసే మానసిక నిపుణుడు. ఆయన దగ్గరకు విడివిడిగా వచ్చే ఇద్దరు పిల్లలు, ఇద్దరి చేతిలోనూ లెగో ఉండటంతో, బయట వేచి ఉండే గదిలో ఒకరికొకరు ఉత్సాహంగా చూపించుకుంటూ కనిపించారట. లోపల గదిలో ఎంత ప్రయత్నించినా రానిది బయట దానంతటదే రావడం చూసి, ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టడంతో ఆలోచన మొదలైంది. 2004లో దాని ఫలితాలు ప్రచురించారు. పిల్లలకు ముందే ఇష్టమైన వస్తువును పట్టుకుని వారి దగ్గరకు వెళ్లడం ఈ పద్ధతికి ప్రాణం. మాట్లాడినందుకు చాక్లెట్టు ఇవ్వనక్కరలేదు, కట్టడమే వాళ్లకు కావలసింది.

ఇక భాష సంగతి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

మొదటి వారాల్లో ఇంజినీరు సీట్లో కూర్చున్న పిల్లల నోట ఎక్కువగా వచ్చే మాట "అది ఇవ్వు". ఏది? డబ్బాలో ఎర్రవే ఎన్నో రకాలున్నాయి. సప్లయరు చేతికి దొరికింది ఇస్తాడు. "ఇది కాదు, అది!" అని ఇంజినీరు గొంతు పెంచుతాడు. ఇంట్లో అయితే ఈ పాటికి అమ్మో నాన్నో వేలు ఎటు చూపిస్తుందో చూసి అందించేసి ఉండేవారు. ఇక్కడ అందించేవాడు ఇంకో ఏడేళ్ల పిల్లవాడు, వాడికి ఇతని మనసులో ఏముందో తెలియదు. తన తలలో ఉన్న బొమ్మ ఎదుటివాడి తలలో లేదు అన్న సంగతి ఎంత వివరించినా ఎక్కని పిల్లలకు, తప్పు ముక్క చేతికి రాగానే అర్థం కావడం మొదలవుతుంది. అప్పుడు మెల్లగా మాటలు చేరతాయి: "ఎర్రది. పొడుగుది. పైన ఎనిమిది బొడిపెలు ఉంటాయి." తరువాత "పలచటిది", "నీలం దాని పక్కన", "అడ్డంగా కాదు, నిలువుగా", "చివరి నుంచి రెండు బొడిపెలు వదిలి". రంగు, పరిమాణం, ఆకారం, లెక్క, స్థానం, ముందు వెనుకల క్రమం: ఫ్లాష్ కార్డులతో నెలల తరబడి నేర్పబోయే మాటలన్నీ ఇక్కడ పనిముట్లుగా పిల్లల చేతికి వస్తాయి.

చెప్పేవాడి కంటే వినేవాడిలో వచ్చే మార్పు నాకు ఇంకా విలువైనదిగా కనిపిస్తుంది. మన పిల్లల్లో చాలామంది అర్థం కాకపోతే అడగరు. ఊరుకుంటారు, లేదా ఏదో ఒకటి చేసేస్తారు. తరగతి గదిలో ఇదే వారిని వెనక పడేస్తుంది. అర్థం కాలేదని టీచరుకు తెలియదు, అడగవచ్చని పిల్లవాడికి తెలియదు. "ఏ ఎర్రది? పెద్దదా, చిన్నదా?" అని సప్లయరు మొదటిసారి తనంతట తాను అడిగిన రోజున నేను ఆ బిడ్డ తల్లిదండ్రులకు ప్రత్యేకంగా చెబుతాను. చూసేవారికి అదేమీ గొప్పగా అనిపించకపోవచ్చు. సంభాషణ తెగిన చోట తిరిగి ముడివేయడం వచ్చిందంటే, ఆ పిల్లవాడు ఆట స్థలంలో కూడా నిలబడగలడని నాకు ధైర్యం వస్తుంది.

మీ అబ్బాయిలాగా ఒక విషయం మీద అదేపనిగా మాట్లాడే పిల్లలకు ఇంజినీరు పాత్ర మరో రకంగా ఉపయోగపడుతుంది. బిల్డరుకు ఆ క్షణంలో కావలసింది తరువాతి ముక్క ఒక్కటే. కడుతున్నది విమానమైతే, అది ఏ ఇంజనుతో నడుస్తుందో వివరిస్తూ కూర్చుంటే కట్టడం ఆగిపోతుంది, బిల్డరే "తరువాత ఏమిటి?" అని తొందరపెడతాడు. పెద్దవాళ్లు "ఇక చాలు" అనడానికీ, తోటివాడు అలా అడగడానికీ చాలా తేడా ఉంది. ఇలాంటి పిల్లలకు బాగా కష్టమైనది బిల్డరు పాత్ర. బొమ్మ చూడకపోయినా అంతా తనకే తెలుసనిపిస్తుంది, అయినా ఇంకొకరు చెప్పేదాకా చేతులు ఆపుకోవాలి. అక్కడ కాస్త కోపం, కాస్త ఏడుపు ఉంటాయి. కంగారు పడకండి.

గొడవలు వస్తాయి. ముక్క లాక్కుంటారు, సగం కట్టింది కింద పడుతుంది. అందుకే గోడ మీద కొన్ని నియమాలు ఉంటాయి: విరగ్గొడితే తిరిగి కట్టాలి, చేతకాకపోతే సాయం అడగాలి, ఇంకొకరి చేతిలో ఉన్నది అడగకుండా తీసుకోకూడదు, అరవకూడదు, చివర్లో అన్నీ సర్దాలి. పిల్లలతోనే రాయిస్తే వాటిని వాళ్లే ఒకరికొకరు గుర్తుచేసుకుంటారు. గొడవ వచ్చినప్పుడు నా పని తీర్పు చెప్పడం కాదు. "ఇద్దరికీ ఒకే ముక్క కావాలంటున్నారు. ఏం చేద్దాం?" అని సమస్యకు పేరు పెట్టి ఆగిపోవాలి. ఆ తరువాత వచ్చే నిశ్శబ్దాన్ని భరించడం ఈ పనిలో అన్నిటికన్నా కఠినమైన నైపుణ్యం. పిల్లలకు ఆలోచించుకునే వ్యవధి మనం అనుకునేదానికంటే ఎక్కువ కావాలి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. కళ్లలోకి చూడటాన్ని లెక్కపెట్టే చోటికి పంపకండి. ఈ ఆటలో పిల్లల చూపు కట్టే వస్తువు మీద కలుస్తుంది, అది చాలు. చూపు కోసం బలవంతం చేస్తే వాళ్లకు హాయిగా ఉన్న ఒక్క చోటునూ పాడుచేసినవాళ్లం అవుతాం.

పరిశోధన ఏమంటుందో కూడా తెలుసుకుని నిర్ణయించుకోండి. 2008లో కేంబ్రిడ్జి పరిశోధకులు ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లల మీద, వారానికి గంట చొప్పున 18 వారాలు, ఈ పద్ధతినీ నలుగురిలో భాషను ఎలా వాడాలో నేర్పే మరో కార్యక్రమాన్నీ పోల్చారు. ఆటిజానికి సంబంధించిన సామాజిక ఇబ్బందుల్లో లెగో బృందం ఎక్కువ మెరుగుపడింది. కానీ అది చిన్న అధ్యయనం. 2023లో ఫలితాలు వెలువడిన బ్రిటన్ అధ్యయనం పెద్దది: 98 పాఠశాలలు, 7 నుంచి 15 ఏళ్ల మధ్య 250 మంది పిల్లలు, 12 వారాల్లో 12 సార్లు, ఒక్కోసారి 45 నిమిషాలు. పాఠశాల సిబ్బంది అంచనా ప్రకారం సామాజిక నైపుణ్యాల్లో మెరుగుదల కనిపించింది, కానీ స్వల్పంగానే. నేను చూసేది కూడా దాదాపు అదే. ఇది ఆటిజాన్ని "తగ్గించే" మందు కాదు, అలా ప్రచారం చేసేవారిని నమ్మకండి. ఎదుటివాడికి అర్థమయ్యేలా చెప్పడం, అర్థం కానిది అడగడం, వంతు కోసం ఆగడం, ఒప్పందానికి రావడం: ఈ కొన్నింటిని సాధన చేసే మంచి చోటు ఇది.

బ్లాకులంటే ఆసక్తి లేని పిల్లలకు దీన్ని అంటగట్టవద్దు. ఆ ఇష్టమే ఇంధనం. పైన, కింద, పక్కన లాంటి మాటలు ఇంకా అర్థం కాని పిల్లలకు ముందు విడిగా సాధన అవసరం. వినికిడి పరీక్ష చేయించి ఉండకపోతే అది మొదట చేయించండి. నోటితో మాట్లాడని పిల్లలు మాత్రం దీనికి పనికిరారని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ముక్కల బొమ్మలున్న కార్డులు, బొమ్మ నొక్కితే మాట పలికే ట్యాబ్ ఇస్తే వాళ్లూ చక్కగా ఇంజినీర్లు అవుతారు.

ఇంట్లో చేయలేమా అన్నారు. చేయవచ్చు, కానీ మీరు మీ అబ్బాయి సగం మాటనే పూర్తిగా అర్థం చేసుకుంటారు. అదే చిక్కు. దాన్ని దాటడానికి మధ్యలో ఒక అట్ట అడ్డం పెట్టండి. ఇద్దరి దగ్గరా ఒకే రకం ముక్కలు కొన్ని ఉంచుకుని, అటువైపు బాబు ఏదైనా చిన్నది కట్టి, మీరు చూడకుండా అలాంటిదే కట్టేలా మాటలతో చెప్పాలి. తనేం చెప్పాడో అంతే చేయండి, ఊహించి సరిచేయకండి. అట్ట తీసి రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే తేడా ఎక్కడ వచ్చిందో వాడే పట్టుకుంటాడు. తరువాత పాత్రలు మార్చుకోండి. ఖరీదైన సెట్లు అక్కరలేదు, ఒకదానికొకటి గట్టిగా పట్టుకునే ఏ బ్లాకులైనా సరిపోతాయి. నోట్లో పెట్టుకునే చిన్న పిల్లలు ఇంట్లో ఉంటే మాత్రం పెద్ద సైజు ముక్కలే వాడండి.

ఇది మంచి సాధనే కానీ, తనను సగం మాటతో అర్థం చేసుకోని తోటి పిల్లలు ఇంట్లో ఉండరు. బృందం కావలసింది అందుకే. చేర్చే ముందు అక్కడివారిని అడగండి: వారం వారం అదే పిల్లలు ఉంటారా? వారి వయసు, మాట స్థాయి దగ్గరదగ్గరగా ఉన్నాయా? పాత్రలు మారుస్తారా, లేక బాగా మాట్లాడేవాడే ఎప్పుడూ ఇంజినీరా? వీలైతే ఒక సెషన్ చూడనివ్వమనండి. పిల్లలకంటే పెద్దవారి గొంతే ఎక్కువ వినిపిస్తే మరో చోటు వెతకండి. చేరిన తరువాత మీ అబ్బాయి క్లాసు టీచరుకు ఈ మూడు పాత్రల ఏర్పాటు వివరించండి. బ్లాకులు లేకపోయినా, చార్టు తయారుచేసేటప్పుడో సైన్సు ప్రయోగం చేసేటప్పుడో పనిని అలాగే పంచవచ్చు. బృందంలో అలవాటైన "ఏది కావాలి?" అన్న ప్రశ్న తరగతిలో కూడా అడగడానికి వాడికి అవకాశం దొరుకుతుంది.